బాతుపిల్లల కథ మనమే రాసుకోవడం ఎలా: ఆవ గట్టు నుంచి పిల్లల పక్క దాకా

విశాఖ ఎంవీపీ కాలనీలో మా అపార్ట్‌మెంట్ మేడ మీద ఆదివారం సాయంత్రాలు పిల్లలకి కథలు చెప్తుంటాను. పది పన్నెండు మంది వస్తారు, మూడేళ్ల వాళ్ల నుంచి తొమ్మిదేళ్ల వాళ్ల దాకా. ఏనుగు, పులి, నక్క, కోతి అన్నీ చెప్పాను కానీ వాళ్లు మళ్లీ మళ్లీ అడిగేది బాతు కథే. బాతుపిల్ల వచ్చేసరికి చాప మీద వెనక కూర్చున్నవాళ్లు కూడా ముందుకి జరుగుతారు. ఆ బుడిబుడి నడక వాళ్లదే, అమ్మ వెనకే తిరగడం వాళ్ల పనే, ఒక్క నిమిషం అమ్మ కనబడకపోతే వచ్చే ఏడుపు కూడా వాళ్లదే, అందుకే అనుకుంటాను.

నా మొదటి బాతు కథ మాత్రం నిలబడలేదు. అందులో బాతుపిల్ల బూట్లు వేసుకుని, సంచి తగిలించుకుని, బస్సెక్కి బడికి వెళ్తుంది. ఐదేళ్ల బాబు ఒకడు మధ్యలో ఆపి, "అత్తా, దాని వేళ్ల మధ్య తోలుంటుంది కదా, బూటు ఎలా పడుతుంది?" అని అడిగాడు. వాడు ఆట పట్టించడానికి అడగలేదు, నిజంగా తెలుసుకోవాలని అడిగాడు. ఆ కథలో బాతు తీసేసి కుక్కపిల్లనో, కుందేలునో పెట్టినా ఏమీ మారదని నాకప్పుడు అర్థమైంది. అది బాతు కథ కాదు, బాతు వేషం వేసుకున్న పిల్లాడి కథ. ఆ తర్వాత నుంచి నేను పట్టుకున్న పద్ధతి ఒక్కటే: బాతుని బాతుగానే ఉంచి, అది నిజంగా చేసే పనిలోంచే కథ తియ్యడం. అది ఎలాగో మొదటి నుంచి చెప్తాను.

ముందు వెళ్లి బాతుని చూడండి

రాయడానికి కూర్చునే ముందు ఒక పొద్దున్న బాతుల దగ్గర గడపండి. ఫోన్లో వీడియోలు చూస్తే చాలదా అంటే, చాలదు. వీడియో తీసినవాళ్లు ముద్దుగా ఉన్న ముక్క మాత్రమే ఉంచుతారు, మనకి కావలసినది మిగతా గంటలో ఉంటుంది.

విశాఖలో ఉన్నవాళ్లకి అన్నిటికన్నా మంచి చోటు కొండకర్ల ఆవ. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక అది అనకాపల్లి జిల్లాలోకి వెళ్లింది కానీ, మన ఊరి నుంచి పొద్దున్నే బయల్దేరితే ఎండ ఎక్కేలోపు చూసి మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వచ్చెయ్యొచ్చు. మంచినీటి సరస్సు, తామరలు, కలువలు, తుంగ, అంచుల్లో బురద, బాతులకి ఏం కావాలో అన్నీ ఉన్నాయి. తాటి మానులు తొలిచి జత కట్టిన దోనెలుంటాయి. దోనె నడిపే ఆయన్ని "పక్షులున్న వైపు మెల్లిగా తీసుకెళ్లు బాబూ" అని అడగండి, పిల్లల్ని అరవద్దని ముందే చెప్పండి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా వలస బాతులు కూడా ఉంటాయి కాబట్టి ఆ నెలలు బాగుంటాయి. అంత దూరం కుదరకపోతే ఎండాడ దగ్గర జూ ఉంది. పల్లెలో చుట్టాలెవరైనా బాతులు పెంచుతుంటే అంతకన్నా ఏం కావాలి, ఒక రాత్రి అక్కడే ఉండిపోండి.

చూసేటప్పుడు ఇవి గమనించండి. తల నీళ్లలో ముంచి తోక ఆకాశానికి పెట్టి తినడం. ఒడ్డుకి రాగానే తోక అటూ ఇటూ విదిలించడం. ముక్కుతో తోక మొదట్లో తడిమి ఒళ్లంతా రాసుకోవడం, అక్కడ నూనె గ్రంథి ఉంటుంది, ఆ నూనె వల్లే ఈకల మీద నీరు నిలవదు. గొంతు కూడా వినండి. "క్వాక్ క్వాక్" అని గట్టిగా అరిచేది ఆడ బాతు, ఇళ్లలో పెంచే మామూలు బాతుల్లో మగదాని గొంతు బొంగురుగా, మెల్లిగా ఉంటుంది. మగదాని తోక మీద ఒకటి రెండు ఈకలు పైకి వంపు తిరిగి ఉంటాయి. నాన్న బాతు క్వాక్ అని గద్దించే కథలు ఎన్ని చదివానో, రాసినవాళ్లు ఒక్క పూట బాతుల్ని చూసి ఉంటే అలా రాసేవాళ్లు కాదు.

ఇంకో మాట. బ్రెడ్డు ముక్కలు, చిప్సు విసరకండి, మీ కథలో కూడా ఎవరితోనూ విసిరించకండి. బ్రెడ్డు వాటికి మంచి తిండి కాదు. కథలో తినిపించాలనుకుంటే నూకలు, తవుడు, నత్తలు, పురుగులు, నాచు ఉన్నాయి. పక్కన నీళ్లు కూడా పెట్టండి, నీళ్లు లేకుండా బాతుకి ముద్ద దిగడం కష్టం.

కథకి విత్తనం నిజంలోంచే ఏరుకోండి

ఇక్కడ తొందరపడకండి, ఎక్కువ సమయం దీనికే ఇవ్వండి. బాతు జీవితంలో ఉన్న నిజాల్లో ఒక్కటి, ఒకే ఒక్కటి ఎంచుకోవాలి. నేను వాడినవి, వాడదామని పెట్టుకున్నవి కొన్ని చెప్తాను.

మా అమ్మమ్మ బాతు గుడ్లు కోడి కింద పెట్టి పొదిగించేది. పెంపుడు బాతులు గుడ్ల మీద కుదురుగా కూర్చోవు, అందుకని పల్లెల్లో చాలామంది ఇలాగే చేస్తారు. కోడిగుడ్డు 21 రోజులకి పిల్లవుతుంది, బాతుగుడ్డుకి 28 రోజులు కావాలి. అంటే ఆ కోడి ఇంకో వారం కూర్చోవాలి. పక్క గంపలో కోడి పిల్లలతో బయటకి వచ్చేసి పెంటపోగు మీద గీరుకుంటుంటే, ఈ కోడి మాత్రం ఇంకా కూర్చునే ఉంటుంది. ఆ ఏడు రోజుల్లో ఎంత కథ ఉందో చూడండి! చుట్టుపక్కల కోళ్లు ఏమంటాయి, కోడికి ఏమనిపిస్తుంది, గుడ్డు లోపల ఏం జరుగుతోంది. తర్వాత పిల్లలు పుట్టి, నీళ్లు కనబడగానే దూకేస్తాయి, కోడి గట్టు మీద ఇటూ అటూ పరుగెడుతుంది. గట్టు మీద పరుగు చాలా కథల్లో వచ్చింది, ఆ ఏడు రోజులు ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. నన్నడిగితే మీరు అది తీసుకోండి.

గుడ్డు పగలడానికి ఒకరోజు ముందు నుంచే లోపలి పిల్ల కీచుకీచుమంటుంది, తల్లి బయట నుంచి మెల్లిగా పలుకుతుంది. ముక్కు కొన మీద చిన్న గట్టి మొన ఉంటుంది, దానితోనే పెంకుని పొడుస్తుంది, పుట్టాక కొన్ని రోజులకి అది రాలిపోతుంది. మూడేళ్ల పిల్లలకి ఇదొక్కటి చాలు: టక్, టక్, ఎవరది?

పుట్టగానే మొదట కదిలేది ఏది కనబడితే దాన్ని అమ్మ అనుకుని వెంటబడటం గురించి మీరు వినే ఉంటారు. కొన్రాడ్ లోరెంజ్ అనే శాస్త్రవేత్త అడవి బాతు జాతి పిల్లల్ని ఇలా గమనించాడు, అవి ఆయన వెనకే వరసగా నడిచేవి, జంతువుల ప్రవర్తన మీద చేసిన పనికి 1973లో ఆయనకి మరో ఇద్దరితో కలిపి నోబెల్ ఇచ్చారు. కథలో దీన్ని వాడితే జాగ్రత్త, "ఇది నా అమ్మ కాదా?" అని పిల్లని చివరి దాకా ఏడిపించే కథలు ఇప్పటికే బోలెడు ఉన్నాయి. నేనైతే తిప్పి చూస్తాను: వెంటబడిన పిల్లని చూసి మేక ఏమనుకుంది, లేదా తాతగారు ఏమనుకున్నారు? అమ్మగా ఎంపికైనవాళ్ల వైపు నుంచి చెప్తే కొత్తగా ఉంటుంది.

పిల్లలు తల్లి వెనక వరసగా ఈదుతాయి కదా, అది ఊరికే కాదు. తల్లి వెనక సరైన దూరంలో ఉంటే ఆమె లేపిన అలే పిల్లని ముందుకి తోస్తుంది. 2021లో దీన్ని లెక్కలు వేసి చూపించారు. వరసలోంచి బయటకి వచ్చిన పిల్లకి ఈత ఎందుకు బరువవుతుందో మీరు కథలో చెప్పొచ్చు.

ఈలలు వేసినట్టు అరిచే చిన్న బాతులున్నాయి, మన చెరువుల్లో ఏడాదంతా ఉంటాయి. అవి చెట్టు తొర్రల్లో కూడా గుడ్లు పెడతాయి, పిల్లలు ఎగరడం రాకుండానే కిందకి దూకాలి. ఆ జాతిలో నాన్న కూడా పిల్లల్ని చూసుకుంటాడు. కథ వింటూ "వీళ్ల నాన్నేడి?" అని ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు కాబట్టి ఇది గుర్తు పెట్టుకోండి, నాన్న ఉన్న బాతు కథ కావాలంటే ఈ బాతునే తీసుకోండి.

పెద్ద బాతులకి పిల్లల కాలం అయ్యాక ఎగిరే ఈకలన్నీ ఒకేసారి రాలిపోతాయి, కొన్ని వారాలు ఎగరలేవు. ఎగరడం ఇంకా రాని పిల్ల, ఎగరలేకపోతున్న పెద్దది, ఇద్దరూ నీళ్ల మీద. నేనింకా రాయలేదు, ఎవరైనా రాస్తే ముందు మా పిల్లలకే చదువుతాను.

గోదావరి జిల్లాల వైపు కోతలయ్యాక వందల బాతుల మందల్ని పొలం నుంచి పొలానికి తోలుకెళ్తారు, రాలిన గింజలు, నత్తలు తింటాయవి. మందలో ఉన్న బాతుకి ఇల్లు ఎక్కడ? ఏడెనిమిదేళ్ల పిల్లలకి ఇది మంచి ప్రశ్న.

ఇక అందంగా లేదని అందరూ తరిమిన పిల్ల చివరికి హంస అయ్యే కథ ఉంది కదా, దాన్ని మళ్లీ మళ్లీ రాయకండి. అది ఒకసారి గొప్పగా జరిగిపోయింది. పైగా బాతుగా పుట్టి బాతుగానే ఉండటం తక్కువేమీ కాదని చెప్పే కథలు మనకి ఇంకా కావాలి. మన పాత కావ్యాల్లో రాత్రైతే జంట విడిపోయి ఒకరినొకరు పిలుచుకునే జక్కవ పిట్టలు, అదే చక్రవాకాలు, అవీ బాతులే. మనవాళ్లు బాతుని ఎప్పుడూ చిన్నచూపు చూడలేదు.

వయసు

మూడు, నాలుగేళ్ల వాళ్లకి కథ రెండు మూడు నిమిషాలు, ఒకే చోటు, ఒకే పని, మళ్లీ మళ్లీ వచ్చే ఒక మాట. ఐదారేళ్లకి ఐదారు నిమిషాలు, ఒక ఇబ్బంది, మూడు ప్రయత్నాలు. ఏడు దాటితే చోటు మారొచ్చు, ఒకటి రెండు రోజులు గడవొచ్చు, సమాధానం దొరకని ప్రశ్న కూడా మిగలొచ్చు. అన్ని వయసులూ కలిసి కూర్చుంటే చిన్నవాళ్లకి సరిపడా చెప్పండి, పెద్దవాళ్లు ఏమీ పోగొట్టుకోరు.

పిల్లలే చదువుకోవడానికి రాస్తుంటే తెలుగులో ఒక సంగతి చూసుకోవాలి. గుణింతాలు వచ్చి ఒత్తులు ఇంకా సరిగా రాని పిల్లలు చాలామంది ఉంటారు, ముఖ్యంగా ఇంగ్లీష్ మీడియంలో చదివేవాళ్లు. బాతు కథకి ఇక్కడ అదృష్టం ఉంది: బాతు, నీరు, గూడు, తోక, ఈక, తామర, నాచు, వాన, చేప, కప్ప ఒక్కటి పక్కన పెడితే ఒత్తు లేనివే అన్నీ. మొదటి పేజీలు ఇలాంటి మాటలతో నింపితే పిల్ల తనంతట తాను చదివి, "నేనే చదివేశా!" అంటుంది. ఆ తర్వాత వచ్చే ఒత్తులకి భయపడదు.

చోటు మనదే అవ్వాలి

పసుపుపచ్చ బాతుపిల్ల, తెల్ల కంచె, ఎర్ర పెంకుటిల్లు, ఆపిల్ చెట్టు. ఈ బొమ్మ మన తలలో కూర్చుండిపోయింది. దాన్ని తీసి పక్కన పెట్టండి. మన దగ్గర గెడ్డ ఉంది, ఆవ ఉంది, వరి మడి ఉంది, తాటిచెట్టు ఉంది, గుర్రపు డెక్క పట్టేసిన చెరువు ఉంది. "వాగు" అని రాస్తే తప్పు కాదు కానీ విశాఖ పిల్లలు మేఘాద్రిగెడ్డ పేరు వింటూ పెరుగుతారు, కథలో "గెడ్డ" అని వినగానే "మా తాతగారి ఊళ్లోనూ గెడ్డ ఉంది" అంటారు. సముద్రం కూడా పెట్టాలని మీకు అనిపిస్తుంది, ఆర్కే బీచ్ చూసి పెరిగిన పిల్లలు కదా. అయితే ఉప్పునీటి అలల్లో మన చెరువు బాతుని ఈదించకండి. గట్టు ఎక్కి దూరం నుంచి చూసి "ఇంత పెద్ద ఆవా!" అనుకుంటే చాలు.

తుఫాను కథ రాయాలనుకుంటే రాయండి, ఇక్కడి పిల్లలకి ఆ మాట కొత్త కాదు. 2014 అక్టోబరు 12న వచ్చిన హుద్‌హుద్‌ని ఇప్పటి చిన్నపిల్లలు చూడలేదు కానీ ప్రతి ఇంట్లో దాని గురించి ఏదో ఒకటి వింటారు. ఆ పేరు కూడా ఒక పిట్టదే, కూకుడుగువ్వది. గాలి ఆగాక చెట్లన్నీ పడిపోయిన చోట ఒక బాతు తన తొర్ర వెతుక్కోవడం, అంతే, గాలి హోరు వర్ణించక్కర్లేదు.

బొమ్మలు వేసేవాళ్లకి ఒక మాట. పసుపుపచ్చగా ఉండేవి తెల్ల పెంపుడు బాతుల పిల్లలు. అడవి బాతుల పిల్లలు ముదురు రంగులో, మధ్య మధ్య లేత మచ్చలతో ఉంటాయి, గడ్డిలో కనబడకుండా దాక్కోవడానికి. మీ కథ ఆవలో జరిగితే పిల్లకి ఆ రంగులే వెయ్యండి. ముక్కు కొసన పసుపు ఉండే పెద్ద గోధుమరంగు బాతు మన దగ్గర ఏడాదంతా కనబడుతుంది, అమ్మగా అది చాలా బాగుంటుంది.

పేర్లు, వరసలు, చప్పుళ్లు

చిట్టి, బుజ్జి, చిన్నూ వద్దని నేననను, కానీ ఆవలోనే పేర్లు దొరుకుతుంటే ఎందుకు? కలువ, తూడు, నాచు, తుంగ. పేరు వినగానే చోటు కూడా కళ్ల ముందుకి వస్తుంది. ఐదుగురు పిల్లలుంటే ఐదుగురికీ పేర్లు పెట్టండి, నాలుగోదాని పేరు మీరు మర్చిపోతే వినేవాళ్లు గుర్తు చేస్తారు.

జంతువులు ఒకరినొకరు ఎలా పిలుచుకుంటాయో ముందే అనుకోండి. మన కథల్లో అందరూ చుట్టాలే: కప్ప మావ, కొంగ బాబాయ్, కోడి అత్త, తాబేలు తాత. పిల్ల అమ్మని "నువ్వు" అంటుంది, తాబేలుని "తాతా, మీరు" అంటుందా "నువ్వు" అంటుందా అనేది మీ ఇంట్లో ఎలా అంటారో అలాగే పెట్టండి. ఒకరిద్దరితో మన వైపు మాట మాట్లాడించొచ్చు, కొంగ బాబాయ్ "ఏటమ్మా, ఎటు పోతన్నారు?" అంటే మా మేడ మీద పిల్లలు వాళ్ల తాతగారిని తలుచుకుంటారు. అన్ని పాత్రలకీ యాస పెట్టేస్తే చిన్నవాళ్లకి కష్టం. యాసని నవ్వించడానికి మాత్రం వాడొద్దు, తెలివైన పాత్రకే ఇవ్వండి.

చప్పుళ్ల విషయంలో తెలుగు చేతికి ఎముక లేదు. బుడుంగ్, తపతప, చలచల, బుడబుడ, సరసర, గిలగిల, టపటప, కీచుకీచు. నీళ్లలో దూకితే ఒక చప్పుడు, బురదలో నడిస్తే ఇంకొకటి, రెక్కలు విదిలిస్తే మరొకటి. కథకి మూడే చప్పుళ్లు ఎంచుకుని, ఒక్కో చప్పుడూ ఒకే పనికి వాడండి. రెండోసారి వచ్చేసరికి పిల్లలు మీకన్నా ముందు అంటారు.

అల్లడం

విత్తనం ఒకటి తీసుకుని చూపిస్తాను. బాతులు వరసగా పడుకున్నప్పుడు మధ్యలో ఉన్నవి రెండు కళ్లూ మూసుకుంటాయి, చివర ఉన్నవి ఎక్కువగా ఒక కన్ను, బయటి వైపుది, తెరిచి పెట్టుకుంటాయి. మెదడు సగం నిద్రపోతుంది, సగం కాపలా కాస్తుంది. ఇది నిజం.

ఇప్పుడు ఈ నిజాన్ని బాతుపిల్ల నోట ప్రశ్నగా మార్చండి: అమ్మ ఎందుకు చివర పడుకుంటుంది? ప్రశ్న దొరికితే సగం అయిపోయినట్టే. తర్వాత పిల్ల ఏం చేస్తుంది? చూస్తుంది, తనూ ప్రయత్నిస్తుంది, ఓడిపోతుంది, ఎందుకో తెలుసుకుంటుంది, తనదైన దారి ఒకటి కనిపెడుతుంది. ఆ ఆఖరి మెట్టు పిల్లదే అవ్వాలి, అమ్మది కాకూడదు, తాబేలు తాత వచ్చి చెప్పనూ కూడదు. ఇక మళ్లీ మళ్లీ వచ్చే మాట ఒకటి. నేను రాసింది ఇదీ:

ఆవలో పొద్దు గూకింది. తామరలు ముడుచుకున్నాయి. కొంగలు చెట్లెక్కాయి.

అమ్మ బాతు గట్టు మీద తుంగ పక్కన ఆగింది. "రండి, పడుకుందాం."

తుంగ పక్కన కలువ. కలువ పక్కన తూడు. తూడు పక్కన నాచు. నాచు పక్కన బుడుంగు. అందరికీ ఇవతల, చిట్టచివర, అమ్మ.

కలువ కళ్లు మూసింది. తూడు కళ్లు మూసింది. నాచు కళ్లు మూసింది. బుడుంగు అమ్మని చూసింది. అమ్మ ఒక కన్ను మూసింది. ఒక కన్ను మూయలేదు.

"అమ్మా, నీకు నిద్ర రావట్లేదా?"

"వస్తోంది నాన్నా."

"మరి ఆ కన్ను?"

"ఒక కన్ను నిద్రకి, ఒక కన్ను నీళ్లకి."

రెండో రాత్రి బుడుంగు అంది, "ఇవాళ చివర నేను." అమ్మ జరిగింది. బుడుంగు ఒక కన్ను మూసింది. ఒక కన్ను నిద్రకి, ఒక కన్ను నీళ్లకి. నీళ్లలో ఒక చుక్క. రెండు చుక్కలు. మూడు... రెండో కన్ను కూడా మూసుకుపోయింది. తెల్లారి చూస్తే చివర అమ్మే ఉంది.

మూడో రాత్రి. గట్టు మీద సర సర సర. అమ్మ కన్ను చూసింది. "క్వాక్!" కలువ, బుడుంగ్. తూడు, బుడుంగ్. నాచు, బుడుంగ్. బుడుంగు, బుడుంగ్ బుడుంగ్! పాము వచ్చింది, చూసింది, ఎవరూ లేరు, వెళ్లిపోయింది.

నాలుగో రాత్రి. "అమ్మా, వరసకి రెండు చివర్లుంటాయి కదా?"

"ఉంటాయి."

"అయితే ఇటు నువ్వు. అటు నేను."

బుడుంగు నాచుని దాటింది. తూడుని దాటింది. కలువని దాటింది. తుంగ పక్కన కూర్చుంది.

ఆ రాత్రి వరసలో రెండు కళ్లు తెరిచి ఉన్నాయి. ఈ చివర అమ్మది. ఆ చివర బుడుంగుది.

కాసేపటికి ఒక్కటే.

ఇందులో అమ్మ ప్రేమ గురించి ఒక్క ముక్క లేదు. మొదట రాసినప్పుడు ఉంది, "అమ్మలంతా ఇలాగే పిల్లల కోసం మేలుకుంటారు" అని చివర ఒక వాక్యం పెట్టాను. చెప్పేటప్పుడు ఆ వాక్యం దగ్గరకి వచ్చేసరికి పిల్లలు అప్పటికే మౌనంగా ఉన్నారు, నేను నోరు విప్పి దాన్ని పాడు చేస్తున్నానని తెలిసింది, తీసేశాను. మీ కథలో నీతి వాక్యం ఉంటే, దాన్ని తీసేసి ఒకసారి చెప్పి చూడండి.

పాము, గద్ద, చావు

బాతుపిల్లల బతుకులో గద్ద ఉంటుంది, పాము ఉంటుంది, ముంగిస, కాకి, వీధికుక్క ఉంటాయి. అడవిలో చాలా పిల్లలు పెద్దవి కాలేవు. దీన్ని పూర్తిగా దాచేస్తే కథలో కాపలాకి అర్థం లేదు, అమ్మ కన్ను తెరవక్కర్లేదు. నేను పాటించేది ఇది: ఐదేళ్ల లోపు పిల్లలకి ప్రమాదం వస్తుంది, వెళ్లిపోతుంది. పాముని దుర్మార్గురాలిగా చెయ్యను, దానికీ ఆకలే, "చూసింది, వెళ్లిపోయింది" అంతే. ఏడు దాటిన వాళ్లకి వరసలో ఒకరు తగ్గే కథ కూడా చెప్పొచ్చు, కానీ ఆ పిల్ల పేరుని కథ చివరి దాకా ఎవరో ఒకరు తలుచుకుంటూనే ఉండాలి. పడుకునే ముందు మాత్రం ఆ కథ వద్దు, మధ్యాహ్నం పూట చెప్పి, తర్వాత వాళ్లు అడిగేవాటికి కూర్చుని జవాబు చెప్పే తీరిక ఉన్నప్పుడే.

కాగితం లేకుండా మూడుసార్లు చెప్పండి

రాసింది పక్కన పడేసి చెప్పండి. మొదటిసారి ఇంట్లో ఒక్క పిల్లకి, రెండోసారి నలుగురికి, మూడోసారి మీకు అలవాటు లేని పిల్లలకి. చెప్తున్నప్పుడు మీకు గుర్తు రాని వాక్యం అక్కర్లేని వాక్యమే, కొట్టెయ్యండి. ఎక్కడ పిల్లలు చాప పోగులు పీకడం మొదలుపెట్టారో అక్కడ గుర్తు పెట్టుకోండి, సాధారణంగా అది వర్ణన ఎక్కువైన చోటు. "తర్వాత?" అని ఎక్కడ అడిగారో అక్కడ పేజీ తిప్పాలి. మధ్యలో అడిగిన ప్రశ్నకి జవాబు చెప్పి ముందుకి పోండి, "కథ అయ్యాక చెప్తా" అంటే వాళ్లు ఆ ప్రశ్న దగ్గరే ఉండిపోతారు. నా కథలో పాము ఘట్టం అయ్యాక ఒక పాప, "తడిసిపోయాయి కదా, చలెయ్యదా?" అంది. మంచి ప్రశ్న, నూగు బాగా తడిస్తే పిల్లలకి నిజంగానే చలేస్తుంది, అమ్మ రెక్కల కింద దూరి ఆరబెట్టుకుంటాయి. ఇప్పుడు అక్కడ చెప్పేటప్పుడు నా రెండు చేతులూ రెక్కల్లా చాపుతాను, పక్కనున్న చిన్నవాళ్లు వచ్చి దూరతారు.

గొంతు మార్చి నటించక్కర్లేదు. మామూలుగా, కొంచెం నెమ్మదిగా చెప్పండి. "కథ కంచికి, మనం ఇంటికి" అని ముగించే అలవాటుంటే ఉంచుకోండి, కానీ చివరి వాక్యం తర్వాత రెండు ఊపిరులు ఆగి అప్పుడు అనండి.

చిన్న పుస్తకం

ఏ4 కాగితాలు నాలుగు మధ్యకి మడిస్తే 16 పేజీల పుస్తకం. అట్ట రెండు వైపులా పోతే మీకు 12 పేజీలు మిగులుతాయి, పేజీకి రెండు మూడు వాక్యాలు, మిగతాదంతా బొమ్మ. రాసే ముందు చిత్తు కాగితం మీద పేజీలు విడగొట్టుకోండి, "రెండో కన్ను కూడా మూసుకుపోయింది" లాంటిది పేజీ తిప్పాకే కనబడాలి. అక్షరాలు పెద్దవిగా, 20 పాయింట్లకి తగ్గకుండా, గుండ్రటి మామూలు ఫాంటులో పెట్టండి, అలంకారపు ఫాంటుల్లో ఒత్తులు కలిసిపోయి పిల్లలు తడబడతారు. బొమ్మలు రాకపోతే రంగు కాగితాలు చింపి అతికించండి, బాతు ఆకారానికి అది చాలు. స్టేప్లర్ పిన్నులు చిన్నవేళ్లకి గుచ్చుకుంటాయి, మధ్యలో మూడు చిల్లులు పెట్టి సూదీ దారంతో కుట్టండి, ముడి బయటి వైపు వెయ్యండి.

ఆఖరి పేజీ ఖాళీగా వదలండి, అది పిల్లలదని చెప్పండి. మా మేడ మీద నాలుగేళ్ల పాప ఆ పేజీలో ఐదు బాతుల్ని గీసింది, అన్నిటికీ కళ్లు మూసే ఉన్నాయి. "మరి కాపలా ఎవరు?" అని అడిగాను. వరస చివర, కాగితం అంచుకి ఆనించి, కుర్చీలో కూర్చున్న మనిషిని చూపించి, "మా నానమ్మ" అంది.